ఏ జీపులో తీసుకెళ్ళారో ఆ జీపులోనే

గాజువాక,
9 సెప్టెంబరు 2024

బావకి,

కుశలప్రశ్నలన్నీ అక్క ఫోన్‌లో అడిగేసింది కాబట్టి నేరుగా విషయంలోకి దిగుతున్నాను. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుతావని తెలుసు. కారణాలు రెండు. పారాదీప్ సైటు గేటు దగ్గర పొద్దున్నే నీ ఫోన్ తీసేసుకుని సాయంత్రం ఇస్తారు. ఆ సాయంత్రం నువ్వు మాట్లాడుతుంటే, వెనక పదిమంది బకెట్ల కోసం కొట్టుకుంటున్న చప్పుడులో నాకు వినిపించేది "ఆఁ, ఆఁ" ఒక్కటే. రెండో కారణం మన లాయరు గురునాథరావుగారి ఆజ్ఞ. "ఫోన్ మాటలు గాల్లో పోతాయి. జరిగిందంతా తారీకులతో రాసి మీ బావకి పంపు. తప్పులుంటే దిద్ది పంపమను" అన్నారు. ఫీజెంతో ఇంకా చెప్పలేదు. ఆజ్ఞలు మాత్రం మొదలయ్యాయి.

కనుక చిత్తగించవలసిన సంగతులు ఇవి.

ఆగస్టు 18, ఆదివారం, ఉదయం పదకొండు గంటలు. కంచరపాలెంలో మీ అద్దె ఇంటి ముందున్న రేకుల షెడ్డులో పోలిరాజు అనే నువ్వు ఎవరిదో కిటికీ గ్రిల్లు అతుకుతున్నావు. వీధి మొగలో ఒక జీపు ఆగింది. హెడ్ కానిస్టేబుల్ జగ్గయ్యగారు, ఇంకో ఇద్దరు దిగారు. ఏదో కంపెనీ యార్డులో వెల్డింగ్ కేబులు పోయిందట. దాని మీద పసుపురంగు గుర్తుందట. నీ కేబులు మీదా పసుపు పట్టీ ఉంది. సైట్లలో నాలుగు గ్యాంగుల కేబుళ్ళు ఒకేచోట వేలాడతాయి కాబట్టి ఎవరిది వాళ్ళకి తెలియడానికి ఒక్కో గ్యాంగు ఒక్కో రంగు పూసుకుంటుందని, నీ రంగు పసుపని, విశాఖపట్నంలో వెల్డింగ్ రాడ్డు పట్టిన ప్రతి మనిషికీ తెలుసు. జగ్గయ్యగారు రాడ్డు పట్టినవారు కారు.

కేబులుతో ఆగలేదు. వెల్డింగ్ సెట్టు, హోల్డరు, ఎర్తింగ్ క్లాంపు అన్నీ జీపెక్కించారు. నిన్నూ ఎక్కించారు. సాయంత్రం నిన్ను వదిలేశారు, సెట్టుని వదల్లేదు. నీ మీద కేసు లేదు, దాని మీద ఉంది. అంటే చట్టం దృష్టిలో నేరం చేసింది ఆ తొంభై కిలోల ఇనుప డబ్బా. నువ్వు దానితో తిరుగుతున్న పాపానికి కాసేపు కూర్చున్నావంతే.

ఆ రోజు నేను విజయవాడలో గ్రూపు పరీక్ష రాస్తూ దేశసేవకి సిద్ధమవుతున్నాను. ఉండి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకూ తెలియదు. బహుశా పక్కన నిలబడి చూసేవాణ్ణి.

సొంత సెట్టున్న వెల్డరుకి పని అడుగుల లెక్కన వస్తుంది, లేనివాడికి రోజుకూలీ. సెట్టు పోయిన పన్నెండో రోజున నువ్వు పారాదీప్‌లో కూలీకి చేరావు. గాజువాకలో కట్టే స్కూలు మెట్ల రెయిలింగు పని ఫిబ్రవరి ఆఖరు దాకా నీకోసం ఆపుతానని కాంట్రాక్టరు అన్నాడు. సెట్టు అప్పటికి చేతికొస్తే ఆ పని నీది, నువ్వు ఇంట్లో ఉంటావు. రాకపోతే పని ఇంకొకడిది, నువ్వు ఒడిశాలో ఉంటావు. ఇదీ మన గడువు.

భయపడకు. ఆ స్టేషను నాకు పరాయిది కాదు. జులైలో మీ వీధి చివర ఆటోలో నా డిగ్రీ మెమోలు పోగొట్టుకున్నప్పుడు, 'వెతికితిమి, దొరకలేదు' అనే సర్టిఫికెట్టు అక్కడే పుచ్చుకున్నాను. జగ్గయ్యగారు నాకు టీ కూడా ఇప్పించారు. ఆ పరిచయాన్ని ఇప్పుడు జాతికి అంకితం చేస్తాను.

ఇట్లు నీ న్యాయశాఖ మంత్రి,
సాయిశంకర్


పారాదీప్,
21 సెప్టెంబరు

శంకర్‌కి బావ రాయునది.

నీ ఉత్తరం ఆఫీసు టేబులు మీద నాలుగు రోజులు పడి ఉంది, నిన్న ఇచ్చారు. దిద్దవలసినవి మూడు. పదకొండు కాదు, పదిన్నర. పదకొండుకి మీ అక్క టీ ఇస్తుంది, ఇంకా ఇవ్వలేదు. కిటికీ గ్రిల్లు కాదు, బాల్కనీ గ్రిల్లు. జగ్గయ్య కాక వచ్చింది ముగ్గురు. ఒకడు జీపు దిగలేదు కాబట్టి నీకు ఎవరూ చెప్పలేదు.

సెట్టు నా పేరు మీద కాదని లాయరుగారికి చెప్పు. మీ అక్క హేమ డ్వాక్రా గ్రూపు లోనుతో కొన్నాం. గాజువాకలో పని మానేసిన పెద్దాయన దగ్గర పాతది తీసుకున్నాం. పాత సెట్టుకి బిల్లు ఎవరూ ఇవ్వరు. గ్రూపు పుస్తకంలో 'వెల్డింగ్ సెట్టు నిమిత్తం' అని రాసి ఉంటుంది.

వాళ్ళు పసుపు పట్టీ ఒక్కటే చూశారు. కేబులు నాలుగుచోట్ల అతికి ఉంది. ప్రతి అతుకు మీదా హేమ పాత చీర పేలిక చుట్టి, పైన టేపు వేశాను. ఎర్ర చీర, ఆకుపచ్చ అంచు. టేపు విప్పితే కనపడుతుంది.

సెట్టుని వానలో ఉంచొద్దని చెప్పు. లోపల తీగ చుట్టిన కాయిలు తడిస్తే పోతుంది. ఆ రోజే చెప్పాను. వినలేదు.

ఇక్కడ సెట్లు కంపెనీవి. చెయ్యి కుదరడం లేదు. పని అయితే అవుతోంది.

ఆ రోజు వాళ్ళు ఏదో కాగితం రాసుకున్నారు. ముందు అది సంపాదించు. ఏం రాశారో చూడాలి.

పోలిరాజు

మా మేస్త్రీ దేవీప్రసాద్ టెక్కలి మనిషి. నీ ఉత్తరం లాక్కుని చదివాడు. అప్పట్నుంచి నన్ను 'ముద్దాయి మొగుడు' అంటున్నాడు. జోకులు కొంచెం తగ్గించు.


గాజువాక,
16 అక్టోబరు

తొంభై కిలోల ముద్దాయిగారి భర్తకి,

అక్కా నేనూ స్టేషనుకి వెళ్ళాం. జగ్గయ్యగారు నన్ను చూసి సంతోషించారు. "ఏటి డిగ్రీ బాబూ, మెమోలు దొరికినాయేటి?" అన్నారు. నా పరిచయాన్ని జాతికి అంకితం చేసేలోపు అక్క ముందుకొచ్చేసింది.

"మెమోలు కాదండి. వెల్డింగ్ సెట్టు. నాది."

"నీదేటమ్మా. అది దొంగ సొత్తు."

"దొంగెవడండి?"

"దర్యాప్తు సేత్తన్నాం."

"రెండు నెలలయినాది. దొంగ దొరకలేదు గానీ సొత్తు దొరికీసినాదా?"

"సూడమ్మా, బిల్లు తే. పట్టుకుపో."

"మీ నెత్తిమీద ఫ్యానుకి బిల్లుందేటండి?"

జగ్గయ్యగారు పైకి చూశారు. రైటరు చూశాడు. బల్ల మీద కూర్చున్న ఇద్దరు ఫిర్యాదుదారులు చూశారు. ఒక రెక్క వంగిన ఆ ఫ్యాను తనకీ దీనికీ ఏ సంబంధమూ లేనట్టు తిరిగింది.

"కోర్టుకెల్లి తెచ్చుకోండమ్మా. కోర్టుకి రాసీసినాం" అని ఆయన వేరే పని చూసుకున్నారు.

సెట్టుని చూశాం. స్టేషను వెనక పట్టుబడిన బైకుల మధ్య ఉంది. పైన ఒక ఫ్లెక్సీ ముక్క కప్పారు. దాని మీద ఎవరో నాయకుడి పుట్టినరోజు, మొహం సగమే ఉంది. వాన మిగతా సగం వైపు నుంచి పడుతోంది. అక్క దాని మీద చెయ్యి వేసి చూసింది. పూర్ణా మార్కెట్ దగ్గర బస్సు దిగి లాయరుగారి దగ్గరికి పోతామనుకుంటే, నేరుగా ఒక దుకాణంలో దూరి టార్పాలిన్ కొంది, ఎదురు బస్సెక్కి వెనక్కి వెళ్ళి తనే కప్పి వచ్చింది. సెంట్రీ అడ్డం వస్తే, "కోర్టు సొత్తంటున్నారు కదా, తడిస్తే జడ్జిగారికి నువ్వు సెప్తావా?" అందట. అతనే ఒక మూల పట్టుకుని సాయం చేశాడట.

గురునాథరావుగారి ఆఫీసు పసుపు కొమ్ముల దుకాణం మేడ మీద ఉంటుంది. ఆయన దగ్గరున్న ఫైళ్ళన్నీ పప్పులో వేసుకోవచ్చు, అంత వాసన. సెట్టు తిరిగి ఇవ్వమని అక్క పేరున కోర్టులో పిటిషను వేశారు. నువ్వడిగిన కాగితం సంగతి కూడా చెప్పారు. పోలీసులు ఏదైనా పట్టుకుంటే, సంబంధం లేని ఇద్దరు బయటి మనుషుల ఎదుట పట్టుకుని, అక్కడికక్కడే రాసి, వాళ్ళ చేత సంతకాలు చేయించాలట. దాన్ని మధ్యవర్తుల నివేదిక అంటారు.

"ఆ రోజు షెడ్డు దగ్గర బయటివాళ్ళెవరైనా సంతకం పెట్టారా?" అని అక్కని అడిగారు.

"వీధి వీధంతా ఉన్నాదండి. సంతకం మాత్రం ఎవులూ ఎట్టలేదు."

"అయితే ఆ ఇద్దరెవరో చూడాలి. వాళ్ళు ఆ చోట లేరని తేలితే పోలీసుల కాగితానికి విలువ ఉండదు" అన్నారు. కాపీ కోసం అర్జీ పెట్టాం.

ఇక స్వంత విషయం. పోర్టు దగ్గర ఒక కంటెయినర్ యార్డులో గుమాస్తాగా నన్ను ఎంపిక చేశారు. గేటు పాసు రావాలంటే పోలీసు వెరిఫికేషన్ కావాలి. చదువుకునే రోజుల్లో మీ ఇంట్లో ఉన్నాను కదా, నా ఆధార్‌లో ఇంకా మీ ఇంటి నంబరే ఉంది. అందుచేత ఆ కాగితమూ జగ్గయ్యగారి బల్ల మీదకే వస్తుంది. దేవుడు ఒకే గుమాస్తాతో అన్ని పనులూ చేయిస్తున్నాడు.

సాయిశంకర్


పారాదీప్,
5 నవంబరు

శంకర్‌కి,

నష్టపరిహారానికి కూడా అర్జీ వేస్తారని, ఏమేం నష్టపోయామో లిస్టు రాసి పంపమన్నారని హేమ చెప్పింది. కూలీ తేడా, పోయిన పనులు నీకు తెలుసు. అవి నువ్వే రాసెయ్.

ఒకటి నీకు తెలీదు. హేమకి కూడా పూర్తిగా తెలీదు, లోపల ఉంది అప్పుడు. సెట్టు బరువని ఒక పక్క కానిస్టేబుల్ పట్టుకున్నాడు, రెండో పక్క నన్ను పట్టుకోమన్నాడు జగ్గయ్య. షెడ్డు నుంచి వీధి మొగదాకా పదకొండు గుమ్మాలు. ఆదివారం కాబట్టి అందరూ బయటే ఉన్నారు. నా సెట్టు నేనే మోసుకుంటూ జీపెక్కాను. ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

తర్వాత గ్రిల్లు పని చెప్పినవాళ్ళు ఇద్దరు వద్దన్నారు. ఇంటి ఓనరు శ్రీరామ్మూర్తిగారు వేరే ఇల్లు చూసుకుంటే మంచిదేమో అన్నారు. మర్యాదగానే అన్నారు. సెట్టు లేదని ఒక్కందుకే పారాదీప్ రాలేదు నేను.

లిస్టులో మొదట ఇది రాయి. డబ్బు ఎంత ఇచ్చినా, ఇవ్వకపోయినా, ఏ జీపులో తీసుకెళ్ళారో ఆ జీపులోనే తేవాలి. వాళ్ళే మొయ్యాలి. అదే షెడ్డులో పెట్టాలి. ఆదివారం.

కాపీ వచ్చిందా?

పోలిరాజు


గాజువాక,
27 నవంబరు

మహారాజశ్రీ బావగారికి,

నీ లిస్టులో మొదటి పద్దు చదివి గురునాథరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "జీపుకి సెక్షను లేదయ్యా" అన్నారు. అయినా రాశారు. మానవ హక్కుల కమిషనుకి నష్టపరిహారం అర్జీ వెళ్ళింది. కోర్టు పిటిషను కూడా నడుస్తోంది. నడుస్తోంది అంటే పోలీసు తరఫువాళ్ళు వాయిదా అడుగుతున్నారు, కోర్టు ఇస్తోంది.

నివేదిక కాపీ వచ్చింది. పేజీన్నర. శైలి గంభీరంగా ఉంది. మధ్యవర్తుల్లో ఒకాయన స్టేషను ఎదుట టీ కొట్టు దాలయ్య. ఆయన పదేళ్ళుగా ప్రతి కేసులోనూ ఉన్నాడట. సారా, పేకాట, గొలుసు దొంగతనం అన్నీ ఆయన కళ్ళెదుటే జరిగాయి. మధ్యలో టీ ఎప్పుడు కాస్తాడో తెలియదు. రెండోవాడెవడో చదువుకున్న దద్దమ్మ. వాడి సంగతి తర్వాత రాస్తాను.

కాపీ పంపుదామంటే ఇక్కడ జెరాక్సు మిషన్లు పనిచేయడం లేదు. వాతావరణం బాగుంది. తుఫాను అన్నారు గానీ అటు పోయింది. మీవైపు చలి ఎలా ఉంది? ఆరోగ్యం జాగ్రత్త.

సాయిశంకర్


పారాదీప్,
8 డిసెంబరు

శంకర్‌కి,

గాజువాకలో జెరాక్సు మిషన్లు ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు.

నువ్వు ఎప్పుడూ వాతావరణం గురించి రాయలేదు. నా ఆరోగ్యం కూడా ఎప్పుడూ అడగలేదు.

రెండోవాడెవడు?

పోలిరాజు


గాజువాక,
15 డిసెంబరు

బావా,

రెండోవాణ్ణి నేనే.

జులైలో మెమోల సర్టిఫికెట్టు కోసం స్టేషనుకి వెళ్ళినప్పుడు జగ్గయ్యగారు నా దరఖాస్తు చూసి, "సంతకం బాగెట్టినావు బాబూ. ఇదిగో, ఈ రెండింటి మీద కూడా ఎట్టీ" అని రెండు కాగితాలు జరిపారు. తెల్లవి. అడుగున సంతకానికి చోటు పెన్సిలుతో గుర్తు పెట్టి ఉంది.

"ఏటికండి?" అన్నాను.

"ఆపీసు పని. సదువుకున్నోడి సంతకముంటే కాగితానికి అందం."

నాకు నచ్చింది ఆ మాట. నా సంతకం చూసి ఎవరూ అంతకుముందు ఏమీ అనలేదు. తండ్రి పేరు, ఇంటి నంబరుతో సహా వంకర్లు తిప్పి రెండు సంతకాలు పెట్టాను. తర్వాతే టీ వచ్చింది. ఆ టీ గురించి నీకు గొప్పగా రాశాను కూడా.

ఆ కాగితాల్లో ఒకటి మీ షెడ్డు దగ్గరికి వచ్చింది. పైన రాసింది ఇది: ఆగస్టు 18 ఉదయం పదిన్నరకి మధ్యవర్తులమైన మేము చూస్తుండగా సదరు పోలిరాజు కేబులు ఎక్కడిదో సరైన సమాధానం చెప్పలేక తడబడెను. కింద నా పేరు. నా పేరు కింద మీ ఇంటి నంబరు. ముద్దాయి ఇంటి చిరునామా రాసిన మనిషినే సంబంధం లేని బయటివాడిగా రాసుకున్నారు. రాసినవాళ్ళు చదవలేదు, పెట్టినవాణ్ణి నేను ఎలాగూ చదవలేదు.

గురునాథరావుగారు చూసి అరగంట సేపు నవ్వారు. "ఆ రోజు విజయవాడలో పరీక్ష రాశావు కదా, హాల్ టికెట్టు ఉందా?" అన్నారు. ఉంది. ఇన్విజిలేటరు సంతకంతో సహా ఉంది. "అయితే కోర్టులో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పు. సెట్టు ఇంటికొస్తుంది" అన్నారు. ఇది నవంబరు 25న. నేను నీకు వాతావరణం గురించి రాసింది 27న.

మధ్యలో ఒక ఫోన్ వచ్చింది. జగ్గయ్యగారు. కాపీకి అర్జీ పెట్టాక ఆయనా ఆ నివేదిక చదివినట్టున్నారు. "యార్డులో ఉద్యోగమంట కదా బాబూ, మంచిది. నీ ఎరిఫికేషను నా దగ్గరే ఉన్నాది. మీ అక్క సేత ఆ కమిషను అర్జీ ఎనక్కి తీయించీ. సెట్టు సంగతి నాను సూసుకుంటాను. నీ కాగితం రేపే ఎల్లిపోద్ది" అన్నారు. బెదిరించలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు పెళ్ళి సంబంధం మాట్లాడినట్టు మాట్లాడారు.

మూడు వారాలుగా ఆలోచిస్తున్నాను. అర్జీ వెనక్కి తీస్తే నాకు ఉద్యోగం, నీకు సెట్టు. జీపు ఒక్కటే ఉండదు. అలా లెక్క వేసుకుంటే బాగానే ఉంది. తర్వాత ఆ కాగితం మళ్ళీ తీస్తాను. నువ్వు తడబడ్డావని నేను సాక్ష్యం చెప్పినట్టు ఉంది. నువ్వు తడబడటం నేను ఎప్పుడూ చూడలేదు.

అక్కకి ఇంకా చెప్పలేదు. ఏం చేయమంటావు?

శంకర్


పారాదీప్,
27 డిసెంబరు

శంకర్‌కి,

ఈ ఉత్తరం మేస్త్రీకి ఇవ్వలేదు.

మొన్న సేఫ్టీ ఆఫీసువాళ్ళు మూడు కాగితాలు తెచ్చారు. బూట్లు ఇచ్చినట్టు, బెల్టు ఇచ్చినట్టు, ట్రైనింగు ఇచ్చినట్టు. మా గ్యాంగు అందరం వరసగా సంతకాలు పెట్టి టిఫినుకి పోయాం. బూట్లు రాలేదు. నేను చదవలేదు. ఇరవై ఏళ్ళలో ఒక్కటీ చదవలేదు. కాబట్టి సంతకం సంగతి వదిలెయ్.

ఫోన్ సంగతి మూడు వారాలు దాచావు. అది నాకు బాగోలేదు.

ఏం చేయమంటావని అడిగావు. నేను చెప్పను. చెయ్యమంటే ఉద్యోగం నా వల్ల పోయిందని నీకుంటుంది. వద్దంటే జీపు నీ వల్ల రాలేదని నాకుంటుంది. నువ్వే చూసుకో.

అక్కకి మాత్రం నువ్వే చెప్పు. అట్లకాడ చేతిలో లేనప్పుడు చెప్పు.

పోలిరాజు


గాజువాక,
10 ఫిబ్రవరి 2025

బావా,

ముందు అక్క సంగతి. అట్లకాడ లేని సమయం చూసే చెప్పాను. బట్టలు మడత పెడుతోంది. విని, ఉన్న బట్టలన్నీ మడతపెట్టడం పూర్తి చేసింది. తర్వాత అడిగింది.

"టీ ఎలాగున్నాది?"

"పర్లేదక్కా."

"దాలయ్య కొట్టు టీ. ఏటి బాగుంటాది." ఇంకో చొక్కా విప్పి మళ్ళీ మడతపెట్టింది. "రేపు లాయరు దగ్గరికి నానూ వొత్తాను."

అంతే. అప్పటినుంచి నాకు టీ ఇవ్వడం లేదు. మంచినీళ్ళు ఇస్తోంది.

శుక్రవారం, ఏడో తారీకున కోర్టు. మేజిస్ట్రేటుగారు ఆవిడ. కేబులు తెప్పించి బల్ల మీద వేయించారు. గుమాస్తా బ్లేడుతో ఒక అతుకు మీద టేపు కోశాడు. లోపల ఎర్ర పేలిక, ఆకుపచ్చ అంచు. అక్క సంచిలోంచి మిగతా చీర తీసి పక్కన పరిచింది. పమిట వైపు నాలుగు పేలికలు లేవు. ఆ చీర నీ పెళ్ళి నాటిదట కదా. నువ్వు అడక్కుండా చించావని అక్క కోర్టులోనే చెప్పింది. అది రికార్డు చేయలేదు.

తర్వాత నన్ను పిలిచారు. హాల్ టికెట్టు చూపించి జులై సంగతి చెప్పాను. జగ్గయ్యగారు గోడ దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన వైపు చూడలేదు.

"ఏం చదివారు మీరు?" అన్నారు మేజిస్ట్రేటుగారు.

"బీకామ్ అండి."

"చదవకుండా సంతకం పెట్టడం ఏ సంవత్సరంలో నేర్పుతారు?"

రెండో సంవత్సరం అని చెప్పబోయాను. గురునాథరావుగారు నా కాలు తొక్కారు. "తప్పేనండి" అన్నాను. అదే మొదటిసారి అనుకుంటాను, అడిగిన ప్రశ్నకి నేను తిన్నగా జవాబు చెప్పడం.

సెట్టు అక్కకి ఇచ్చేయమన్నారు. పూచీకత్తు అక్కర్లేదన్నారు. అప్పుడు లాయరుగారు లేచి, దేవుడి ముందు నిలబడ్డంత వినయంగా, పిటిషనరు ఒంటరిగా ఉన్న ఆడమనిషి, వస్తువు తొంభై కిలోలు, తీసుకెళ్ళినవారే తీసుకెళ్ళిన చోటికి చేర్చేలా ఆదేశించమని కోరారు. ఆవిడ రాసేశారు. రెండు రోజుల్లో చేర్చాలని కూడా రాశారు. శనివారం ఇంట్లో ఉండనని అక్క అక్కడే చెప్పేసింది. చూశావా, సెక్షను లేకపోయినా జీపు దొరికింది.

నిన్న ఆదివారం, పది నలభైకి వచ్చారు. అదే జీపు. జగ్గయ్యగారు, ఒక కానిస్టేబులు. మన వీధిలోకి జీపు రాదు కదా, మొగలోనే ఆపి దించారు. చెరో పక్కా పట్టుకున్నారు. నేను వెనక కేబులు చుట్ట మోస్తూ నడిచాను. సాయం పట్టమని కానిస్టేబులు నా వైపు చూశాడు. నా చేతులు ఖాళీ లేవు.

అందరూ గుమ్మాల్లోనే ఉన్నారు. నారాయణమ్మ పిన్ని పళ్ళు తోముకుంటూ ఆగిపోయింది. సరిగ్గా శ్రీరామ్మూర్తిగారి గుమ్మం ముందు జగ్గయ్యగారికి ఆయాసం వచ్చి కిందికి దించారు. శ్రీరామ్మూర్తిగారు పేపరు పట్టుకుని బయటికొచ్చారు.

"ఏటండి, దొంగ దొరికినాడా?"

జగ్గయ్యగారు మొహం తుడుచుకున్నారు. "దొంగ లేడండి. ఈల్ల సొంతదే. మా వైపు పొరపాటు" అన్నారు. గట్టిగా అనలేదు. కానీ వీధి అంత నిశ్శబ్దంగా ఉంటే గట్టిగా అనక్కర్లేదు.

షెడ్డులో దించగానే అక్క లోపలినుంచి వచ్చింది. "అక్కడ కాదండి. మా ఆయనది ఎడం సెయ్యి. ఇటు తిప్పండి" అంది. మళ్ళీ ఎత్తారు. తర్వాత కేబులు విప్పి మూరలు వేసి కొలిచింది. రసీదులో రాసిన దాంట్లో సుమారు మూడో వంతు లేదు. ఎంత ఉందో అంతే రాసి సంతకం పెట్టింది. మిగతాది కమిషను అర్జీలో కలుపుతారట. ఏప్రిల్లో వాయిదా. వెళ్ళేముందు జగ్గయ్యగారు మంచినీళ్ళడిగితే చెంబుతో ఇచ్చింది.

సెట్టు పైన తుప్పు పట్టింది. లోపల ఎలా ఉందో తెలియదు. స్విచ్చు వేద్దామన్నాను. అక్క వెయ్యనివ్వలేదు. స్కూలు కాంట్రాక్టరుకి చెప్పాను, నెలాఖరు దాకా ఆగుతానన్నాడు.

నా వెరిఫికేషను వెళ్ళలేదు. యార్డువాళ్ళు ఇంకొకర్ని తీసుకున్నారు. ఈ మధ్య గురునాథరావుగారి మేడ మీద కూర్చుని జనాల అర్జీలు రాస్తున్నాను. ఒకాయన తోపుడు బండి, ఇంకొకాయన ఆటో. ఒంటి నిండా పసుపు వాసన.

శంకర్


పారాదీప్,
17 ఫిబ్రవరి

శంకర్‌కి,

ఉత్తరం అందింది. మేస్త్రీకి నేనే ఇచ్చాను, చదవమని. క్యాంపులో అందరికీ వినిపించాడు. ఒడియావాళ్ళకి హిందీలో చెప్పాడు.

కాయిలు తడిసి ఉంటే రెండు రోజులు ఎండలో పెట్టి చూస్తాను. కాకపోతే కొత్తగా చుట్టిస్తాను. స్విచ్చు వెయ్యకపోవడం మంచిదైంది. ఉద్యోగం గురించి ఒక్క ముక్కలో రాశావు. వచ్చాక మాట్లాడదాం. ఏప్రిల్లో వాయిదాకి నేనూ వస్తాను.

శ్రీరామ్మూర్తిగారి గుమ్మం ముందు దించారని రాశావు. ఎంతసేపు ఉంచారు? నారాయణమ్మ తర్వాత ఏమన్నా అందా? ఆఖరి ఇంట్లో టైలరు ఉన్నాడా, లేడా? ఇవి రాయలేదు నువ్వు.

సెట్టు పోయాక అక్కడున్న ఆ పది రోజులూ నేను వెనక గోడ దూకి రైలుపట్టాల పక్కనుంచి వెళ్ళొచ్చేవాణ్ణి. హేమకి కూడా తెలీదు, పొద్దున్నే పోయేవాణ్ణి.

ఇరవై మూడున, ఆదివారం, దిగుతాను. తొమ్మిదీ పదీ మధ్య అవుతుంది. నువ్వు రైల్వే స్టేషనుకి రావద్దు, సామాను ఎక్కువ లేదు. ఆటోని వీధి మొగలోనే ఆపి దిగుతాను. నడిచి వస్తాను.

పోలిరాజు